న్యూట్రల్ బావ బ్రేకు నేర్చుకున్న వైనం

డిపోలో అందరూ ఆయన్ను న్యూట్రల్ బావ అనేవారు. బావ ఎందుకయ్యాడంటే, ఆయన బస్సులో కండక్టరు ఆయన భార్యకు సొంత చెల్లెలు. రోజంతా ఆవిడ బస్సు వెనక నుంచి "బావగారూ, ఆపండి", "బావగారూ, పోనివ్వండి" అని కేకలు పెడుతుంటే ప్రయాణికులకూ అదే అలవాటైంది, మెకానిక్కులకూ అదే అలవాటైంది. ఆఖరికి డిపో మేనేజరు కూడా ఒకసారి కోపంగా మెమో ఇస్తూ, "బావగారూ, ఇక్కడో సంతకం" అని నాలుక కరుచుకున్నాడు.

ఇక న్యూట్రల్ అనే మాట రావడానికి కారణం పిసినారితనం. మామూలు పిసినారులు డబ్బు దాస్తారు. డబ్బు విషయంలో బావది ఎముక లేని చెయ్యి. అడిగినవాడికి ఇచ్చేసి, ఇచ్చిన సంగతి మరిచిపోయేవాడు. ఆయన దాచేది డీజిల్. అదీ తనది కాదు, సంస్థది. డీజిలనే ఏమిటి, కరెంటు, గ్యాసు, వేడి, వెలుతురు, మండేదీ తిరిగేదీ వెలిగేదీ ఏదైనా సరే ఊరికే ఖర్చవుతుంటే, ఎవరో తనను చెంపమీద కొడుతున్నట్టు గిలగిల్లాడేవాడు. ఎదురింట్లో మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఈయనకు ఇక్కడ నిద్రపట్టేది కాదు.

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయాలంటే ముందు బయట నిలబడి, ఏం కావాలో, అది ఏ అరలో ఉందో తేల్చుకోవాలి. "తెరిచి ఆలోచించొద్దు, ఆలోచించి తెరవండి" అన్నది ఆ ఇంటి వేదవాక్కు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని కిటికీలోంచి పక్కింటావిడతో కబుర్లు చెప్పింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఆవిడా తక్కువ తినలేదు. మర్నాడు ఆయన స్నానానికి వేడినీళ్లు పెట్టకుండా, "పొదుపండీ" అని చన్నీళ్ల బకెట్టు చూపించింది. ఆయన హాయిగా ఆ చన్నీళ్లే పోసుకుని వచ్చి, "ఈ బుద్ధి ఇన్నాళ్లూ ఏమైందే?" అని మెచ్చుకున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక ఆవిడ చెల్లెలికి చెప్పుకుంది. చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఆ కథ డిపో చేరింది.

లీటరు డీజిల్‌తో అందరికంటే ఎక్కువ దూరం నడిపిన డ్రైవరుకు సంస్థ ఏటా ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చేది. బహుమతి ఏమిటో మార్చాలన్న ఊహ పైవాళ్లకు రాలేదు, గెలిచేవాడిని మార్చే ఊహ బావకు లేదు. అందుకని ఆయన ఇంట్లో ఏ గోడ చూసినా గడియారమే. వాటిలో నడిచేది మాత్రం ఒక్కటే. మిగతావాటిలోంచి ఆయన సెల్లులు పీకేశాడు. "ఒక టైము చెప్పడానికి ఇంతమంది ఎందుకే?" అనేవాడు. కొత్తగా ఇంటికొచ్చిన వాళ్లు ఒక గోడ చూసి "అయ్యో పొద్దుపోయింది" అని లేచి, ఇంకో గోడ చూసి మళ్లీ కూర్చునేవారు.

ఆ గడియారాలన్నీ ఎలా వచ్చాయో ఇప్పుడు చెప్పాలి. ఆయన రూటు కింద మార్కెట్ నుంచి కొండమీద ఆసుపత్రి దాకా. ఎక్కేటప్పుడు బస్సు ఆసుపత్రికి పోయే రోగులకంటే ఎక్కువ దగ్గేది. దిగేటప్పుడు ఒకటే వాలు. ఆసుపత్రి గేటు దాటి మలుపు తిరగ్గానే బావ ఎడమచెయ్యి గేరు రాడ్డు మీదికి పోయేది. న్యూట్రల్. వెంటనే ఇంజన్ బంద్. ఇక మార్కెట్ దాకా బస్సు సొంత బరువుతోనే దొర్లుకుంటూ వచ్చేది. ఇది రూల్సుకు విరుద్ధం. ఇంజన్ ఆపితే బ్రేకులకు గాలి చాలదు, స్టీరింగు బిగుసుకుంటుంది, కాస్త ఏమరుపాటుగా ఉంటే ఆసుపత్రి నుంచి దిగుతున్న జనమంతా మళ్లీ ఆసుపత్రికే పోవాల్సి వస్తుంది. ఈ సంగతి డిపోలో అందరికీ తెలుసు. తెలిసే గడియారాలిచ్చారు. లీటరుకు ఎంత దూరం వచ్చిందని అడిగారే గానీ, ఎలా వచ్చిందని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. బావ చెయ్యి చల్లనిది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, అంతే.

ప్రయాణికుల ఒళ్లు బాగానే ఉంది గానీ, పరువులు మాత్రం పోయాయి. ఆ పాత బస్సు మోతలో పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. అరుస్తున్నవాళ్లకు ఇంజన్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. మలుపు దగ్గర హఠాత్తుగా నిశ్శబ్దం వచ్చేది, ఆ నిశ్శబ్దంలో ఎవరిదో ఒక మాట బస్సంతా ఖంగుమని మోగేది. "జబ్బూ లేదు గిబ్బూ లేదు, అంతా సెలవు కోసం!" "ఆ కాంపౌండరుకి నేనంటే ఇష్టమే, మా ఆయనే అడ్డం!" ఒకసారి ఒక కోడలు, "మా అత్త కట్టుడు పళ్లు నేనే దాచేశాను!" అని అరిచిన సమయానికి ఆ అత్త రెండు సీట్ల ముందే కూర్చుని ఉంది. ఆ మలుపులో చెడిన స్నేహాలున్నాయి, కుదిరిన పెళ్లిళ్లున్నాయి. మరదలు కండక్టరు వాలు రాగానే టికెట్లు కొట్టడం ఆపి, చెవులు రిక్కించుకుని నిలబడేది. ఇంత వినోదం జీతంతోపాటు ఇచ్చే ఉద్యోగం ఇంకోటి లేదని ఆవిడ నమ్మకం.

అందరి గుట్టూ రట్టు చేసిన బావకు కూడా ఒక గుట్టు ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన బస్సుతో మాట్లాడేవాడు. "పద తల్లీ, ఇదొక్కటే మలుపు, ఆ తర్వాత నువ్వు చూసుకోనక్కర్లేదు, నేను చూసుకుంటాను" అని బుజ్జగించేవాడు. అలసిపోయిన రోజున ఇంటి సంగతులూ ఒంటి నొప్పులూ కూడా దానికే చెప్పుకునేవాడు. ఇంజన్ మోతలో అది వెనకున్న మరదలి చెవిన కూడా ఎన్నడూ పడలేదు.

ఇంకో సంగతి మరిచిపోతే పాపం తగులుతుంది. పాత బస్సుల్లో ఇంజన్ డ్రైవరు పక్కనే, ఇనుప మూత కింద ఉండేది. ఆ మూతను బానెట్ అనేవారు. ఎండాకాలంలో దాని పక్కన కూర్చోవడమంటే పొయ్యి పక్కన కూర్చోవడమే. మిగతా డ్రైవర్లు దాన్ని తిట్టుకున్నారు. బావ దానిమీద వంట చేశాడు. ఇంత వేడి ఊరికే పోవడం ఆయన చూడగలడా? ఆయన భార్య నానబెట్టిన చిక్కుడు గింజల్ని పొద్దున పొయ్యిమీద సగం ఉడికించి డబ్బాలో పెట్టేది. ఆయన ఆ డబ్బాను గోనెపట్టాలో చుట్టి బానెట్ మీద కట్టేసేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు గింజలు ఉడికేవి, వాలులో ఇంజన్ ఆపాక మెల్లగా మగ్గేవి. మధ్యాహ్నానికి గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగేది. చూసి చూసి మిగతావాళ్లు కూడా తమ డబ్బాలు తెచ్చి ఆయన బానెట్ మీద పెట్టడం మొదలుపెట్టారు. ఆ వాసనకు, ఆకలి కావడం లేదని డాక్టరు దగ్గరికి బయల్దేరిన ఒక పెద్దాయన సగం దారిలో దిగి భోజనానికి ఇంటికి పోయాడు.

అలాంటి మనిషి నెత్తిన కరెంటు బస్సులు వచ్చి పడ్డాయి.

ముందు డిపో షెడ్డు రేకులమీద సోలార్ పలకలు పరిచారు. పగలంతా అవి ఎండలో కాగుతూ కరెంటు చేస్తాయనీ, కింద నిలబడిన బస్సులు దాన్ని తాగుతాయనీ చెప్పారు. "ఎండకు బట్టలారతాయి, జుట్టు నెరుస్తుంది. బస్సు కొండెలా ఎక్కుతుంది?" అన్నాడు బావ. అది ఎక్కింది. దగ్గకుండా, మూలగకుండా, పొగ ఊదకుండా, లోపలున్న చంటిపిల్లాడు నిద్రలేవకుండా ఎక్కింది. ఆ రోజు ప్రయాణికుడిలా ముందు సీట్లో కూర్చున్న బావ, డ్రైవరు పక్కన ఒకప్పుడు బానెట్ ఉండే చోట చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా, నున్నగా ఒక ప్లాస్టిక్ బల్ల తగిలింది.

"దీని ఒంట్లో వేడే లేదేమే? బతికే ఉందా?" అన్నాడు మరదలితో.

"మీ ఇంట్లో మా అక్క ఉన్నట్టే ఉంది బావగారూ. పని చేస్తుంది, చప్పుడు చెయ్యదు."

"మీ అక్క చప్పుడు చెయ్యదా? నాతో అన్నావు గానీ ఇంకెవరితోనూ అనకు, నవ్వుతారు."

ఆ ప్లాస్టిక్ బల్లమీద గేరు రాడ్డుకు బదులు మూడు బొత్తాలున్నాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, మధ్యది న్యూట్రల్. ఆ మధ్య బొత్తాన్ని చూడగానే బావకు జనంలో చుట్టం కనిపించినంత సంబరమైంది. అసలు చిక్కంతా ఆ చుట్టంతోనే వచ్చింది.

కొత్త బస్సు చేతికివ్వాలంటే పరీక్ష పెట్టారు. మార్కెట్ నుంచి ప్రయాణికులతో కొండెక్కి దిగాలి. దిగాక బ్యాటరీ ముల్లు ఎర్రగీతకు పైన ఉంటే డ్రైవరు గెలిచినట్టు. కింద పడితే ఇంకొక్క అవకాశం. రెండోసారి కూడా పడితే సీటు పోయి, డిపో గేటు దగ్గర స్టూలు వస్తుంది.

జీతం తగ్గదు, నీడపట్టు పని, కూర్చుని చెయ్యొచ్చు. వినడానికి ఎంతో బాగుంది. కానీ బావకు ఆ స్టూలంటే చచ్చేంత భయం. దానిమీద ఇప్పటికే ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు ఇదే కొండ రూటు నడిపినవాడు, కళ్లకు మసక కమ్మి గేటుకొచ్చాడు. బస్సు వస్తే గొలుసు దింపడం, పోయాక ఎత్తడం, ఇంతే పని. ఆయనతో ఎవరూ మాట్లాడరని కాదు. "ఏం తాతా" అని అందరూ అంటారు, జవాబు కోసం ఎవరూ ఆగరు. లోపలికి బస్సు వస్తుంటే స్టూలు మీదున్న ఆయన కుడికాలు దానంతటది నేలను గట్టిగా నొక్కేది. అక్కడ బ్రేకు లేదు, ఉత్త నేల. ఆ కాలు కంటపడినప్పుడల్లా బావ మొహం అటు తిప్పేసుకునేవాడు.

నేర్పడానికి వచ్చిన ట్రైనరు బావ కూతురి వయసు పిల్ల. ఓపికగలది. ఆయన పక్కన నిలబడి విడమరిచి చెప్పింది.

"బాబాయ్‌గారూ, వాలులో మీరు చెయ్యాల్సిందేమీ లేదు. ఊరికే యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యండి. అప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి, మోటారు కరెంటు చేసి బ్యాటరీలో పోస్తుంది. బ్రేకు మెల్లగా తొక్కారనుకోండి, ఇంకాస్త పోస్తుంది. న్యూట్రల్ నొక్కితే మాత్రం మోటారు పని మానేస్తుంది, ఒక్క చుక్క కూడా రాదు."

"బ్రేకు తొక్కితే... వస్తుందా?"

"వస్తుంది."

"పోదూ?"

"పోదు బాబాయ్‌గారూ, వస్తుంది."

బావ మర్యాదగా తలూపాడు, లోపల మాత్రం తాతకు దగ్గులు నేర్పుతోందీ పిల్ల అనుకున్నాడు. బ్రేకు తొక్కడమంటే డీజిల్‌ను రోడ్డుమీద పారబోయడమే అన్నది ఆయన పుట్టుమచ్చలా మోసుకు తిరిగిన నమ్మకం. ముందు ఎర్రదీపం ఉందంటే అల్లంత దూరం నుంచే కాలు తీసేసి, అది పచ్చగా మారేవేళకు దొర్లుకుంటూ చేరే మనిషి ఆయన. బ్రేకు తొక్కి సంపాదించమంటే దొంగతనం చేసి పుణ్యం సంపాదించమన్నట్టు వినిపించింది.

మొదటి పరీక్ష రోజున బస్సును చక్కగా ఎక్కించాడు. ట్రైనరు చెప్పినది బుర్రలో ఉంది. కానీ బుర్ర ఒకచోట, చెయ్యి ఒకచోట. ఆసుపత్రి గేటు దాటి మలుపు తిరగ్గానే ఎడమచెయ్యి వెళ్లి మధ్య బొత్తాం నొక్కేసింది. బస్సు నూనె మీద జారినట్టు కిందికి జారింది. ప్రయాణికులకు కునుకు పట్టింది. బావకు ఆ వాలంతా ఎంత గొప్పగా అనిపించిందంటే, మార్కెట్‌లో ఆపి, ఇంకో గడియారం వచ్చినట్టే అనుకుంటూ ముల్లు వంక చూశాడు. అది ఎర్రగీత కింద పడి ఉంది.

"బండి చాలా బాగా నడిపారు బాబాయ్‌గారూ" అంది ట్రైనరు తల దించుకుని. "అందుకే బాధగా ఉంది."

మరదలు అంత మెత్తగా చెప్పలేదు. "ఇన్నేళ్లూ పిసినారి అనిపించుకుని, చివరికి దుబారా మనిషిగా తేలారు కదా బావగారూ! వాలు పొడుగునా వచ్చే కరెంటునంతా గాలికి వదిలేశారు. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి కొండ దిగినట్టుంది."

ఆ చివరి మాట సూటిగా తగిలింది. బావ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఇంట్లో భార్య చికిత్స మొదలుపెట్టింది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పళ్లెం ఇచ్చి స్టీరింగు అనుకోమంది. ఎడమపక్క పీట వేసి, దానిమీద సుద్దతో మూడు చుక్కలు పెట్టింది. తను గరిట పట్టుకుని నిలబడి "మలుపు!" అనేది. ఆయన చెయ్యి మధ్య చుక్క వైపు కదిలితే గరిటతో ఒక్కటి వేసేది. చెయ్యి కదలకపోయినా అప్పుడప్పుడూ వేసేది.

"ఇప్పుడు కదల్లేదు కదే!" అన్నాడు బావ వేళ్లు ఊదుకుంటూ.

"ఇది చన్నీళ్లదండీ" అంది ఆవిడ.

గరిట దెబ్బలకు చెయ్యి లొంగలేదు. సాధన కోసం కొండ ట్రిప్పులకు పోతే మళ్లీ మామూలే. మలుపు రాగానే బొత్తాం మీదికి. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని అందరూ పెదవి విరిచారు. అప్పుడు మరదలికి ఒక ఉపాయం తట్టింది. పొయ్యిమీంచి దింపిన గింజల డబ్బాను, మూత కూడా చల్లారకముందే తెచ్చి, సరిగ్గా మధ్య బొత్తాం పక్కన, చెయ్యి వచ్చే దారిలో పెట్టింది. మలుపు వచ్చింది, చెయ్యి వెళ్లింది, "అబ్బా!" అని వెనక్కొచ్చింది. ఇలా కొన్ని ట్రిప్పులయ్యాక రెండు వేళ్లు బొబ్బలెక్కాయి గానీ, చెయ్యికి బుద్ధి వచ్చినట్టే కనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని అంటారు. బావ విషయంలో చేతులు కాలాకే దారికొచ్చాయి.

రెండో పరీక్ష రోజున ట్రైనరు బస్సెక్కి, ఆ డబ్బాను చూసి తల అడ్డంగా ఊపింది. "ఏమీ అనుకోకండి బాబాయ్‌గారూ, డ్రైవరు ముందు వస్తువులేవీ ఉండకూడదు." మరదలు గొణుక్కుంటూ డబ్బా తీసి వెనక సీటు కింద పెట్టింది. బావ ఖాళీ అయిన ఆ చోటునే చూస్తూ బొబ్బలు ఊదుకున్నాడు.

కొండ బాగానే ఎక్కాడు. పైన ఆసుపత్రి గేటు దగ్గర జనం కిక్కిరిసి ఎక్కారు. మందుల సంచులవాళ్లు, కట్లు కట్టించుకున్నవాళ్లు, చూడటానికి వచ్చి నీరసపడ్డవాళ్లు, వాళ్లతోపాటు కట్టుడు పళ్ల అత్తా, ఆవిడ కోడలూను. మధ్య బొత్తాం కథ మరదలి నోట అప్పటికే ఊరంతా పాకింది కాబట్టి, అది నొక్కితే ఏమవుతుందో వాళ్లందరికీ తెలుసు. బస్సు ఎంత బరువుంటే వాలులో అంత కరెంటు అని ట్రైనరు చెప్పి ఉంది కాబట్టి, మరదలు ఇంకా ఇద్దరు లావుపాటి మనుషుల్ని బతిమాలి ఎక్కించుకుంది. ముల్లు అప్పటికే ఎర్రగీత కిందికి జారింది.

బస్సు కదిలింది. గేటు దాటింది. మలుపు ఎదురుగా కనిపిస్తోంది. బావ నుదురంతా చెమట. ఎడమచెయ్యి స్టీరింగు మీద ఉండనంటోంది. ఇన్నాళ్లూ శిక్షణలో బిగుసుకుపోయి నోరు మెదపని మనిషి, భయం ముంచుకొచ్చేసరికి పాత అలవాటు ప్రకారం బస్సుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. దాచుకోవడానికి ఇక్కడ ఇంజన్ మోత లేదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

"తల్లీ, ఈ చెయ్యి నా మాట వినడం లేదే. ఏం చెయ్యను? నన్ను ఆ స్టూలు మీద మాత్రం కూర్చోబెట్టకు. నాకు ఇంకే పనీ రాదు. ఆ ముసలాయన కాలు చూశావు కదా, నేలను తొక్కుతూ ఉంటుంది, కింద ఏమీ ఉండదు. నాకూ అంతే అవుతుంది. నాకు భయంగా ఉందే తల్లీ."

బస్సంతా విన్నది. వెనక సీటు దాకా ఒక్కొక్క మాటా స్పష్టంగా విన్నది. ఎవరూ నవ్వలేదు. మరదలి చేతిలో టికెట్టు మిషను సగం టికెట్టు బయటపెట్టి ఆగిపోయింది. ఇన్నేళ్లు వెనక నిలబడి లోకం గుట్టంతా విన్న మనిషికి, ముందు కూర్చున్న బావ ఇన్నేళ్లూ ఏం మాట్లాడుకున్నాడో తెలియలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

మలుపు వచ్చింది. బావ చెయ్యి స్టీరింగు వదిలి మధ్య బొత్తాం వైపు బయల్దేరింది.

"చెయ్యి తియ్యి నాయనా!" అని అరిచింది కట్టుడు పళ్ల అత్త. అంత గట్టిగా అరవడంతో పళ్లు జారి ఒళ్లో పడ్డాయి. కోడలు వాటిని ఠక్కున పట్టుకుని, తను కూడా "చెయ్యి!" అని అరిచింది. ఆ తర్వాత కట్లవాళ్లూ, మందుల సంచులవాళ్లూ, లావుపాటి ఇద్దరూ, "చెయ్యి! చెయ్యి!" అని ఒక్కటే గోల. ట్రైనరు కూడా అరిచిందని మరదలు తర్వాత ఒట్టేసి చెప్పింది.

బావ చెయ్యి కాలినట్టు వెనక్కొచ్చి స్టీరింగును పట్టుకుంది. కాలు మెల్లగా తీశాడు. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపినట్టు బస్సు నెమ్మదించింది. బ్రేకుమీద కాలి వేలు ఆనించాడు. ముల్లు వణికింది. వణికి, పైకి జరిగింది.

ఇంకాస్త తొక్కాడు. ఇంకాస్త జరిగింది. బస్సు దిగుతోంది, ముల్లు ఎక్కుతోంది. బతుకంతా ఆయన ఉన్నది పోకుండా కాపలా కాసినవాడే. దీపాలు ఆర్పాడు, ఇంజన్లు ఆపాడు, తలుపులు మూశాడు. పోయినది పోయిందే అనుకున్నాడు. పోయినదాంట్లో కొంత తిరిగి వస్తుందని ఈ వయసులో, ఈ మలుపులో తెలిసింది. అదేం పెద్ద తత్వం కాదు, మోటారు తిరగడమే, అయినా ఆయనకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ప్రయాణికుల ఖర్మ మొదలైంది. సంపాదన రుచి మరిగిన బావ వాలు పొడుగునా ముద్దుముద్దుగా బ్రేకు తొక్కుతూ పోయాడు. పక్కనుంచి సైకిళ్లు దాటిపోయాయి. ఒక సైకిలువాడు వెనక్కి తిరిగి చూసి జాలిగా చెయ్యి ఊపాడు. కాసేపు "భేష్" అన్నవాళ్లే తర్వాత మూలగడం మొదలుపెట్టారు.

"బాబూ, ఇక సంపాదించింది చాలు, ఇల్లు చేర్చు" అన్నాడు కట్టు కట్టించుకున్న ఒకాయన.

"ఇంకొక్క మలుపు" అన్నాడు బావ.

మార్కెట్‌లో ఆపేసరికి ముల్లు ఎర్రగీతకు వెంట్రుకవాసి పైన నిలిచింది. ట్రైనరు ఒంగి చూసింది, ఇంకోసారి చూసింది, నవ్వుతూ చెయ్యి చాపింది. బావ కరచాలనం చేస్తే బొబ్బలు నొప్పెట్టాయి. జనం దిగుతూ దిగుతూ ఆయన భుజం తట్టి పోతుంటే, అప్పటికి అనుమానం వచ్చి మరదలిని పిలిచాడు.

"ఏమే, నేను పైన... ఏమైనా అన్నానా?"

"అన్నారు."

"వినపడిందా?"

"అందరికీ. ఇన్నేళ్లు మా అందరివీ మీరు వినిపించారు, ఇవాళ మీది మేం విన్నాం. చెల్లుకు చెల్లు."

"మీ అక్కకు చెప్పకు."

"చెప్పను" అంది మరదలు. ఆవిడ నోట ఆ మాట నిజంగా నిలబడిన సందర్భం అదొక్కటే.

భోజనం వేళకు బస్సును డిపోకు తెచ్చాడు. గేటు పెద్దాయన గొలుసు దింపి స్టూలు మీద కూర్చున్నాడు. బస్సు ఎంత మెల్లగా వస్తున్నా ఆయన కుడికాలు నేలను నొక్కింది. ఈసారి బావ మొహం తిప్పుకోలేదు. గేటు లోపలికి వచ్చి, షెడ్డు నీడలో ఆపి, తాళం తీసేసి, దిగి ఆయన దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, ఒకసారి రా. భోంచేద్దాం."

"గేటో?"

"గేటెక్కడికీ పోదు."

చెయ్యి పట్టుకుని ఎక్కించి, పెద్దాయన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. ఆయన స్టీరింగు తడిమాడు, చల్లటి బల్ల తడిమాడు, "బానెట్ ఏదిరా?" అన్నాడు. కాలు మాత్రం ఏమీ అడగలేదు. కిందికి పోయి బ్రేకును వెతికి పట్టుకుంది.

"ఇందులో బ్రేకు తొక్కితే కరెంటొస్తుందన్నా" అన్నాడు బావ.

"నిలబడ్డ బస్సులో తొక్కితే ఏమొస్తుంది బావగారూ?" అంది మరదలు డబ్బా మూత తీస్తూ.

"నువ్వు నోరు మూసుకుని వడ్డించు. తొక్కనీ ఆయన్ని."

బానెట్ లేదన్న సంగతి ఆ పొద్దున కూడా బావ భార్యకు గుర్తులేదు. ఎప్పటిలాగే గింజల్ని సగం ఉడికించి పంపింది. అవి గట్టిగా, చల్లగా ఉన్నాయి. ముగ్గురూ నమిలి నమిలి తిన్నారు. తిన్నంతసేపూ పెద్దాయన బ్రేకుమీంచి కాలు తీయలేదు.